వంతపాట: భజన సంప్రదాయంలో శ్రవణ కీర్తనల ఐక్యం

‘వంత పాడటం’, ‘భజన చేయడం’ అనే పలుకుబళ్లకు నేటి వాడుకలో ముఖస్తుతి అనే నిందార్థం స్థిరపడింది. ఈ అర్థాపకర్ష వెనుక ఒక సామూహిక సాధన మరుగునపడింది. కీర్తన వాఙ్మయాన్ని కవి కృతిగానే పరిశీలించే సాహిత్య చరిత్ర కూడా వంతగాళ్ల పాత్రను తగినంతగా గుర్తించలేదు.

భాగవత సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో శ్రవణ, కీర్తన, స్మరణలు మొదటి మూడు. వంతపాటలో ఇవి విడివిడి సాధనలు కావు. నాయకుడు పాడిన పాదాన్ని శ్రద్ధగా విననిదే బృందం దానిని అందుకోలేదు. అందుకొన్న క్షణంలో శ్రోత గాయకుడవుతాడు, గాయకుడు శ్రోత అవుతాడు. ఈ ఆవృత్తిలో నామం మనస్సున నిలవడమే స్మరణ. ఏకాంత ధ్యానంలో సాధకుడు తన మనస్సును తానే నిలుపుకోవాలి. ఇక్కడ ఆ భారాన్ని తాళం, తోటివారి గొంతు పంచుకొంటాయి.

కీర్తన నిర్మాణం దీనికి అనుకూలమైనది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనలలో చరణం తరువాత పల్లవి మరల వస్తుంది. 17వ శతాబ్దికి చెందిన భద్రాచల రామదాసు కీర్తనలు గ్రామ భజన మందిరాలలో నిలవడానికి ఈ పునరావృత్తి ఒక ముఖ్య హేతువు. కావేరీ తీరంలో భజన పద్ధతికి క్రమాన్ని కూర్చినవారిలో మరుదానల్లూరు సద్గురుస్వామి ప్రముఖుడు. అదే ప్రాంతంలో త్యాగరాజు (1767-1847) దివ్యనామ కీర్తనలు రచించాడు. వాటిలో ఏకధాతు రచనలకు పల్లవి, చరణాల వరుస ఒక్కటే. వరుస పట్టుబడితే చాలు, మిగిలిన సాహిత్యాన్ని నాయకుని నోటివెంట అందుకోవచ్చు.

ఆయన ఘనరాగ పంచరత్నాల స్వభావం వేరు. ఆరాధనోత్సవాలలో వాటిని బృందంగా పాడుతున్నా, అది ముందుగా అభ్యసించినవారి సమగానం. వంతపాటకు అభ్యాసం గాని, అక్షరజ్ఞానం గాని షరతు కాదు, వినగలగడమే అర్హత. పాండిత్యం గలవారికీ, లేనివారికీ ఒకే పాటలో చోటు దొరకడానికి ఇదే కారణం.

ముద్రిత ప్రతులలో చరణం చివర పల్లవిని సాధారణంగా ఒక్క మాటతోనో, ఒక సంకేతంతోనో సూచిస్తారు. బృందం పాడే భాగమంతా ఆ సంకేతంలోనే ఇమిడి ఉంది. కీర్తనకు పరిష్కర్తలు, పరిశోధకులు చేసే పాఠనిర్ణయం ఆ సంకేతాన్ని కూడా పాఠంగా చదివినప్పుడే సమగ్రమవుతుంది.