ఎడమచేతి వాటం నత్త చెప్పిన తప్పు టైమ్

ఇవాళ్టి కథలో హీరో ఒక నత్త. చచ్చిపోయి ఆరున్నర కోట్ల ఏళ్లు దాటింది.

ముందు చిన్న పని చేద్దాం. చెరువు గట్టున నత్తగుల్ల దొరికితే మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. చాలావరకు నోరు కుడివైపు ఉంటుంది. ఎడమవైపు ఉంటే అది ఎడమ మెలిక గుల్ల. శిలాజంలో నత్త ఒళ్లు ఉండదు కదా! మెలికలెన్ని, మొన ఎంత పొడవు, నోరు ఎంత వెడల్పు... వీటితోనే పేరు పెట్టాలి.

దక్కన్‌లో లావా పారి, ఆగి, మళ్లీ పారింది. ఆ గ్యాప్‌లో చెరువులు ఏర్పడ్డాయి. వాటి బురదలో నత్తలు రాయైపోయాయి. మద్రాసు సైన్యంలో డాక్టరు మాల్కమ్‌సన్, హైదరాబాద్ – నాగపూర్ దారిలో, మన నిర్మల్ కొండల వైపు కూడా ఇలాంటి శిలాజాలు ఏరాడు. 1840లో అచ్చైన ఆయన వ్యాసంలో ఒక ఎడమ మెలిక నత్తకు సోవర్బీ పెట్టిన పేరు ఫైసా ప్రిన్సెపియై.

తర్వాత నాగపూర్‌లో ఉన్న స్కాట్లాండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ వచ్చాడు. ఇదే నత్తలో సన్నగా పొడుగ్గా ఉన్నవీ, బాగా ఉబ్బినవీ కనిపించాయి. వేరే జాతులా? కాదు, ఒకే జాతిలో రకాలు అన్నాడు. నాకు ఆయన జాగ్రత్త నచ్చింది. కానీ 1860 వ్యాసంలో ఈ గుల్లల్ని యూరప్ గుల్లలతో పోల్చి, ఈ పొరలు టెర్షియరీ యుగానివి, అంటే డైనోసార్లు పోయాక ఏర్పడ్డవి అనేశాడు.

చిక్కంతా ఇక్కడే. మంచినీటి నత్తల గుల్లలు కోట్ల ఏళ్లయినా పెద్దగా మారకపోవచ్చు. సంబంధం లేని నత్తలకు ఒకే ఆకారమూ రావచ్చు. మన నత్తనే తర్వాత కొందరు బులినస్ అన్నారు. అది ఇప్పుడు ఆఫ్రికాలో బతికే నత్త, దానిదీ ఎడమ మెలికే! ఈమధ్య ప్లాటిఫైసా అంటున్నారు. గుల్ల అదే, పేర్లు మూడు.

మరి టైమ్ ఎవరు సరిచేశారు? లావా రాళ్ల వయసు లెక్కగట్టే పద్ధతులొచ్చాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్లని తేలింది, సరిగ్గా డైనోసార్లు అంతరించిన కాలం. కొన్ని పొరలు అంతకు ముందువి, కొన్ని తర్వాతవి. అంటే అన్నిటికీ ఒకే యుగం అంటగట్టడం కుదరదన్నమాట.

వికారాబాద్ వైపు నస్కల్‌లో, లావాల మధ్య పొరలోనే, చిట్టి క్షీరదం పళ్లు దొరికాయి. 1988లో వాటిని క్రెటేషియస్‌వని, అంటే డైనోసార్ల కాలానివని ప్రకటించారు. దాని పేరేంటో తెలుసా? దక్కనోలెస్టిస్ హిస్లాపి.

టైమ్ తప్పు చెప్పిన మనిషి పేరే పెట్టారు. నాకైతే అందులో వెక్కిరింత కనిపించదు. ఆ గుల్లల్ని ఆయన ఏరి, బొమ్మలతో సహా రాసిపెట్టాడు కాబట్టే తర్వాతివాళ్లు సరిచూడగలిగారు.

ఈసారి గుల్ల దొరికితే నోరు ఎటుందో చూడండి. కామెంట్‌లో చెప్పండి. ఉంటాను.