చెబితేనే అందే వైద్యం

ముదినేపల్లి నుంచి విజయవాడకో ఏలూరుకో మనసు డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు మొదట చెప్పేవి దాదాపు ఒకే మాటలు: నిద్ర పట్టట్లేదు, గుండెదడ, ఒళ్లంతా మంటలు. అవి కూడా చాలాసార్లు వెంట వచ్చిన అన్నయ్యో అత్తగారో చెబుతారు. అసలు మనిషి తల వంచుకుని కూర్చుంటుంది. మిగతాది డాక్టరుగారే కనిపెట్టాలి.

ఈ ఎదురుచూపు నిన్నటిది కాదు. మంచి వైద్యుడంటే మనం నోరు విప్పకముందే నాడి పట్టుకుని రోగం చెప్పేవాడని పల్లెల్లో తరతరాల నమ్మకం. ఎరుకలసాని సోదిలోనూ అంతే. చాటలో బియ్యం పోసి ఎదురుగా కూర్చుంటే, పోయిన పెద్దల తరఫున ఆమే పలుకుతుంది. అడగవచ్చినవాళ్లు ఊఁ కొడతారు, కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆ ఏడుపుతో గుండె బరువు కొంత దిగుతుంది. దాన్ని నేను తీసిపారేయను. కానీ సైకోథెరపీ పుట్టింది దీనికి ఎదురు దారిలో. ఇక్కడ చెప్పాల్సింది వచ్చినవాళ్లే.

1880లో వియన్నాలో బెర్తా పాపెన్‌హైమ్ అనే 21 ఏళ్ల అమ్మాయి, మంచాన పడ్డ తండ్రికి సేవ చేస్తూ తానే జబ్బుపడింది. చెయ్యి స్వాధీనం తప్పింది, మాట తడబడింది. డాక్టర్ జోసెఫ్ బ్రాయర్ వచ్చి కూర్చుంటే మనసులో ఉన్నదంతా చెప్పుకుంటూ పోయేది, చెప్పాక తేలికపడేది. దీన్ని మాటల వైద్యం అన్నదీ ఆమే. పూర్తిగా నయం కాలేదు, 1882లో శానిటోరియంలో చేరాల్సి వచ్చింది. అయినా 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో పేరు మార్చిన ఆమె కథే మొదట నిలిచింది.

ఫ్రాయిడ్ రోగిని సోఫా మీద పడుకోబెట్టి తాను తల వెనక కూర్చునేవాడు. తోచినదేదీ దాచకూడదన్నది రోగికి నియమం. డాక్టరు మొహం మాత్రం కనబడదు. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో సంఘం స్థాపించి ఆ వైద్యానికి మన దేశంలో చోటు కల్పించారు. తర్వాత అమెరికాలో కార్ల్ రోజర్స్ ఎదురెదురుగా కూర్చుని వినడాన్నే వైద్యంగా మలిచాడు. రికార్డు చేసిన సంభాషణలను 1942లో మాట పొల్లుపోకుండా అచ్చువేశాడు. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ ఇంకో అడుగు వేశాడు: ఇద్దరి మధ్య నమ్మకం, ఏం సాధించాలన్న ఒప్పుదల, అందుకు ఏం చేయాలన్న ఒప్పుదల ఉండాలన్నాడు. అలా చూస్తే, ‘ఈ పద్ధతి నాకు పడట్లేదండీ’ అని థెరపిస్టు మొహం మీదే చెప్పడం అమర్యాద కాదు, వైద్యంలో భాగం.

మనవైపు మనసు విప్పడం ఉత్తరాలతో మొదలైందంటాను. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ 1952 నుంచి దాదాపు అయిదు దశాబ్దాలు ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ నడిపారు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది ఆడవాళ్లు ఆమెకు రాసుకున్నారు. ఆ తర్వాత విజయవాడ నుంచి డాక్టర్ సమరం, సిగ్గుతో నలిగిపోయే సందేహాలకు పత్రికల్లో జవాబులిచ్చారు. పేరు లేని ఉత్తరం ఎంత ధైర్యమిచ్చిందో!

ఉత్తరాలకు అందని దుఃఖాలూ ఉన్నాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. విపత్తులో మిగిలినవాళ్ల మనసుకూ వైద్యం కావాలన్న ఆలోచన మన దేశంలో గట్టిగా కదిలింది 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాతే. పిల్లల్ని నీళ్లకు వదిలిన తల్లులకు అది ఏడేళ్లు ఆలస్యం.

ఇప్పుడు ముఖాముఖి కూర్చునే రోజు వచ్చినా ఒక జంకు పోలేదు. థెరపిస్టు మామూలుగానే ‘మీదే ఊరండీ?’ అంటే, ‘ఎవరి తాలూకు’ అని కూడా అడుగుతారేమో, ఊళ్లో తెలుస్తుందేమో అని గుండె జారుతుంది. ఆ భయాన్నే మొదటి రోజున ప్రశ్నగా అడిగేయాలి: ‘నేను చెప్పింది మావాళ్లకు చెబుతారా?’ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కు చేసింది. మనం ఎంచుకున్న ప్రతినిధి, ప్రాణాపాయం, కోర్టు ఉత్తర్వు వంటి మినహాయింపులున్నాయి. ఏ మేరకో థెరపిస్టునే అడగొచ్చు. మన కేసు కాగితాలు చూసే హక్కు 25వ సెక్షన్‌లో ఉంది. బస్సెక్కి వెళ్లలేనివాళ్లకు 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ ఉంది: 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.