బొమ్మకు చప్పుడు ఎవరిస్తారు? యానిమేషన్, వీడియో గేమ్‌ల సంగీతం తయారయ్యే తీరు

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద కెమెరా పెట్టి మీట నొక్కితే దృశ్యంతో పాటు చప్పుడూ వచ్చేస్తుంది. బ్రేకుల కీచు, చాయ్ అమ్మేవాడి కేక, అనౌన్స్‌మెంట్, పక్కనే ఎవరో శ్రీకాకుళం యాసలో ఫోన్ మాట్లాడటం. అదే ప్లాట్‌ఫామ్‌ను కంప్యూటర్లో గీస్తే అంతా నిశ్శబ్దం. యానిమేషన్‌లో గానీ వీడియో గేమ్‌లో గానీ వినబడే ప్రతి శబ్దమూ ఎవరో కావాలని పెట్టిందే.

ఖరిదా లాంటి పేటలకు ఈ సంగతితో పని ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల కోసం వచ్చి ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇచ్చింది కూడా ఈ జనాభాను చూసే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం మాత్రం రాని పిల్లలకు తెలుగు అందేది ఎక్కువగా చెవి ద్వారానే. కార్టూన్లు, గేమ్‌లు అందులో పెద్ద భాగం.

లెక్కతో మొదలయ్యే సంగీతం

యానిమేషన్ సంగీతంలో మొదటి పాఠం రాగం కాదు, లెక్క. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 1440. పాత్ర ఒక్కో అడుగుకు 12 ఫ్రేములు తీసుకుంటే నిమిషానికి 120 అడుగులు. సంగీతమూ 120 బీట్ల వేగంలో నడిస్తే ప్రతి అడుగూ తాళం మీద పడుతుంది. అడుగుకు 8 ఫ్రేములైతే వేగం 180కి చేరుతుంది, అది పరుగు. 1928 నాటి ‘స్టీమ్‌బోట్ విల్లీ’తో డిస్నీ స్టూడియో ఈ పొందికను జనానికి రుచి చూపించింది. అడుగడుక్కీ వాద్యం పలికించే ఆ పద్ధతికి ‘మిక్కీ మౌసింగ్’ అనే పేరు స్థిరపడింది. ‘టామ్ అండ్ జెర్రీ’కి స్కాట్ బ్రాడ్లీ చేసిన సంగీతంలో ఇది పరాకాష్ఠ. మాటలు దాదాపు లేని ఆ కార్టూన్లు ఏ భాష పిల్లలకైనా అర్థమయ్యాయంటే సగం గొప్పతనం ఆర్కెస్ట్రాదే. అయితే ఈ పద్ధతిని అతిగా వాడితే గంభీరమైన సన్నివేశం కూడా నవ్వులాటైపోతుంది.

పనిలో వరుస కూడా వేరు. మామూలు సినిమాలో నేపథ్య సంగీతం చివర్లో వస్తుంది. యానిమేషన్‌లో మాటలు, పాటలు ముందే రికార్డు చేస్తారు, పెదాల కదలిక, నాట్యం వాటిని బట్టి గీస్తారు. నేపథ్య సంగీతం, అడుగుల చప్పుళ్లు, బట్టల రెపరెపలు తర్వాతి సంగతి.

తెలుగులో దీనికి దగ్గరి ఉదాహరణ ‘ఈగ’ (2012). అందులో కథానాయకుడు చాలా ముందే చనిపోయి, గ్రాఫిక్స్‌తో చేసిన ఈగగా తిరిగొస్తాడు. దానికి మాట లేదు, మనిషి ముఖం లేదు. దాని పగ, దుఃఖం, కొంటెతనం మనకు చేరడంలో కీరవాణి నేపథ్య సంగీతం పాలు చాలా పెద్దది. పూర్తి యానిమేషన్‌లోనూ మనవాళ్ల పని ఉంది. ‘కిట్టు’కు జాతీయ పురస్కారం వచ్చింది, ‘ఛోటా భీమ్’ తయారవుతున్నది హైదరాబాద్‌లో. ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ (2024)కు కాలభైరవ సంగీతం ఇచ్చారు.

డబ్బింగ్‌లో సంగీతం, చప్పుళ్లు ఉన్న ట్రాక్‌ను కదపరు. మాటల ట్రాక్ ఒక్కటే మారుస్తారు. కాబట్టి తెలుగులో వినే కార్టూన్‌లో భాష మనదైనా, డోలు ఎవరిదో కావచ్చు.

ఆటగాడు ఎప్పుడు కదులుతాడో తెలియదు

గేమ్‌లో అసలు చిక్కు కాలం. సినిమాలో తలుపు ఎన్నో సెకనుకు తెరుచుకుంటుందో సంగీత దర్శకుడికి తెలుసు. గేమ్‌లో ఒకరు మూడు సెకన్లలో తెరుస్తారు, ఇంకొకరు దారి తెలియక అరగంట తిరుగుతారు. 1978 నాటి ‘స్పేస్ ఇన్వేడర్స్’లో దీనికి తొలి జవాబుల్లో ఒకటి కనిపిస్తుంది. నాలుగే స్వరాలు తిరిగి తిరిగి మోగుతుంటాయి. శత్రువుల సంఖ్య తగ్గేకొద్దీ వాటి వేగం పెరుగుతుంది, ఆడేవాడి గుండె కూడా. మన వీధి భాగవతాల్లో పాత్రధారి అడుగు పెంచితే మద్దెల పెంచేవారు. ఇక్కడ మద్దెలగాడి పని ప్రోగ్రాం చేస్తుంది.

ఇప్పుడు ఎఫ్‌మాడ్, వైజ్ అనే సాఫ్ట్‌వేర్లతో రెండు పద్ధతులు వాడుతున్నారు. ఒకటి, పొరలు: ఒకే బాణీని తంబుర, తీగలు, డప్పులుగా విడివిడిగా ఇచ్చి, ప్రమాదం పెరిగేకొద్దీ ఒక్కో పొర తెరవడం. రెండోది, ముక్కలు: ఒక బాణీ నుంచి మరో దానికి దూకడం. ఎక్కడ దూకాలన్నదే కష్టం. 120 వేగంలో ఆదితాళం ఎనిమిది అక్షరాల ఆవర్తనానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆవర్తనం పూర్తయ్యే దాకా ఆగితే అప్పటికి పోరాటం ముగిసిపోవచ్చు. అందుకే రెండేసి బీట్లకు ఒక ద్వారం ఉండేలా రాస్తారు. అడుగుల చప్పుడైతే ఒక్కో నేలకు కనీసం నాలుగైదు రకాలు రికార్డు చేసి, కలగాపులగంగా మోగిస్తారు. ఒకటే వాడితే కుట్టుమిషన్ శబ్దంలా ఉంటుంది.

ఖరిదా నేపథ్యంగా ఒక చిన్న గేమ్ చేస్తున్నామనుకుందాం. రైలు కావాలి. కానీ పట్టాలను వెల్డింగ్‌తో కలిపేయడం వల్ల పాత టకటక ఇప్పుడు చాలాచోట్ల వినబడదు. అయినా అది లేకపోతే ఆడేవాడికి రైలు రైలులా అనిపించదు. ఈ రంగంలో నిజం కంటే జ్ఞాపకానిదే పైచేయి. పేట మలుపులు ఎలా తెలుస్తాయి? దుర్గాపూజ పందిరి దగ్గర బెంగాలీ ఢాక్, తెలుగువాళ్ల మాతాపూజ వీధిలో డప్పు. ఆడేవాడు ఒక వీధి నుంచి మరో వీధికి నడుస్తుంటే ఒకటి తగ్గి మరొకటి పెరగాలి. రెండూ ఒకే వేగంలో ఉంటే మలుపు సాఫీగా ఉంటుంది.

మామూలుగా కొనే శబ్ద భాండాగారాల్లో తబలా, సితార్ తేలిగ్గా దొరుకుతాయి. మాతాపూజ డప్పు కావాలంటే మాత్రం వెళ్లి రికార్డు చేసుకోవాల్సిందే. ఊరేగింపు మధ్యలో చేస్తే జనం గోల కలిసిపోయి పొరలుగా విడదీయడం కుదరదు. వాయించేవారిని విడిగా అడిగి, ఒక్కో దెబ్బను మెల్లగా, గట్టిగా, అంచు మీద, మధ్యలో వేరువేరుగా కొట్టించుకోవాలి. దానికి వారికి డబ్బు ఇవ్వాలి, పేరూ వేయాలి.