పసుపుకుంకుమ దస్తావేజు

మా నాన్న, ఆయన తర్వాత నేను, రిజిస్ట్రారాఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాళ్లం. మాఘమాసం దగ్గరపడిందంటే ఆడపిల్లల తండ్రులు మా బల్ల చుట్టూ చేరేవారు. ఎకరమో అరెకరమో కూతురి పేర పసుపుకుంకుమ కింద రాయించాలి. “దానవిక్రయాది సర్వహక్కులతో” అన్న ముక్క పడిందా అని చదువురాని పెద్దాయన కూడా రెండుసార్లు అడిగేవాడు. పెళ్లికొడుకు బుద్ధిమంతుడేనట. ఆ ఇంటి అప్పుల గురించే ఆయన బెంగ.

ఈ బెంగ చాలా పాతది. మొగుడి అప్పు పెళ్లాం తీర్చనక్కర్లేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పింది. తానుగా చేసింది, భర్తతో కలిసి చేసింది, తీరుస్తానని ఒప్పుకున్నది, ఈ మూడే ఆమె మీద పడతాయి. పశువుల కాపరులు, సారా కాచేవారు, నటులు, బట్టలుతికేవారు, వేటగాళ్ల ఇళ్లలో మాత్రం ఆలి చేసిన అప్పు మొగుడే తీర్చాలట, ఆ సంసారాలు ఆడవాళ్ల రెక్కల మీద నడుస్తాయి గనక. స్మృతికర్తకు ఊరి సంగతులు బాగానే తెలుసు! ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

అదే స్మృతిలో ఒక కంత కూడా ఉంది. కరువు, ధర్మకార్యం, జబ్బు, నిర్బంధం, ఈ నాలుగింటికీ భర్త స్త్రీధనం వాడుకుంటే తిరిగి ఇవ్వనక్కర్లేదు. అప్పులవాళ్లు పట్టి కూర్చోబెడితే అదీ నిర్బంధమే. నన్నడిగితే, ఆడవాళ్ల నగలు చాలావరకు ఈ కంతలోంచే జారిపోయాయి.

ఇంగ్లీషువాళ్ల చట్టాలొచ్చాక మా పనిలో తేదీకి విలువ పెరిగింది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం, ఒకడు దివాలా తీసి ఐపీ పెడితే, దానికి ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తుల్ని రిసీవరు వెనక్కి లాగొచ్చు. పెళ్లికి ముందే, ఆ పెళ్లి నిమిత్తం రాసినదానికి ఆ నిబంధన వర్తించదు, మగపెళ్లివారు రాసినా సరే. అందుకే నాన్న ముందు ముహూర్తం అడిగి, ఆ తర్వాతే స్టాంపు కాగితం తీసేవాడు. అయితే అప్పులిచ్చినవాళ్లను ముంచడానికే రాశారని తేలితే 1882 ఆస్తి బదలాయింపు చట్టంలోని 53వ సెక్షను ఊరుకోదు.

బీమా సంగతి మా బల్ల దాకా ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భర్త తన ప్రాణం మీద భార్య పేర పాలసీ తీసుకుంటే, ఆ డబ్బు ఆమె కోసం ట్రస్టుగా ఉంటుంది, మామూలుగా అతని అప్పులవాళ్లకు చిక్కదు. మద్రాసు రాజధానిలోని హిందువులకు 1913 చివరి నుంచే ఈ సదుపాయం దక్కింది. మిగతా బ్రిటిషు ఇండియా 1923 దాకా ఆగింది. పాలసీ రాయించేటప్పుడే ఈ చట్టం కింద ఫారం అడిగి నింపాలి, తర్వాత కుదరదు.

1956 హిందూ వారసత్వ చట్టంతో హిందూ స్త్రీ తన ఆస్తికి తానే పూర్తి యజమానురాలైంది. అయినా భర్తతో కలిసి చేసిన అప్పు ఈనాటికీ ఆమె మీద పడుతూనే ఉంది. ఇప్పుడు దాని పేరు కో-అప్లికెంట్.

పెళ్లి కుదిరిన అమ్మాయిలు వరుడి సిబిల్ రిపోర్టు అడగండి, ఉండబోయే ఇంటి మీద తాకట్లున్నాయేమో తెలియడానికి ఈసీ తీయించండి. బ్యాంకువాళ్లు ఇక్కడొక సంతకం అంటే, ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని చదివాకే పెట్టండి.