జోష్ గిబ్సన్: చనిపోయిన 77 ఏళ్లకు లెక్కకెక్కిన పరుగులు

గార్లదిన్నె: మన ఊళ్లలో క్రికెట్ ఆడని పిల్లాడు ఉండడు. బేస్‌బాల్ అంటే మాత్రం సినిమా ఫైట్లలో చూసిన బ్యాటే గుర్తొస్తుంది. కానీ ఆ ఆటలో అందరికంటే ఎక్కువ సగటు ఉన్న ఆటగాడి కథ మన పిల్లలకు చెప్పదగ్గది. అతని పేరు జోష్ గిబ్సన్.

బాల్యం
1911 డిసెంబర్ 21న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, బ్యూనా విస్టాలో పుట్టాడు. తండ్రికి ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరకడంతో కుటుంబం పిట్స్‌బర్గ్‌కు వలస వెళ్లింది.

గోడ ఎక్కడుంది?
అప్పట్లో మేజర్ లీగ్‌లోకి నల్లజాతి వాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. దానికి రాసిన రూల్ ఏమీ లేదు, జట్ల యజమానులు లోలోపల కుదుర్చుకున్న మాట అంతే. అందుకే నల్లజాతి ఆటగాళ్లు 1920 నుంచి సొంతంగా నీగ్రో లీగ్‌లు నడుపుకున్నారు.

మన దేశంలోనూ ఇలాంటి గీతలున్నాయి. బొంబాయిలో హిందూ, ముస్లిం, పార్సీ అంటూ మతాలవారీగా క్రికెట్ జట్లు ఉండేవి. 1911 ఇంగ్లండ్ టూర్‌లో 114 వికెట్లు తీసిన దళిత బౌలర్ పల్వంకర్ బాలూకు హిందూ జట్టు కెప్టెన్సీ ఎన్నడూ దక్కలేదు.

ఆట
గిబ్సన్ క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. 1930లో హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టులో చేరాడు. అదే ఏడాది కవల పిల్లలకు జన్మనిస్తూ భార్య హెలెన్ చనిపోయింది. తర్వాత పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్‌కు ఆడి, 1937లో మళ్లీ గ్రేస్‌కు వచ్చాడు. మధ్యలో మెక్సికోలోనూ ఆడాడు. అక్కడి లీగ్‌లో రంగు అడ్డు రాలేదు.

1943లో మెదడులో కణితి ఉందని తేలింది. ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు, ఆట ఆపలేదు. ఆ సీజన్‌లోనే అతని సగటు .466. అంటే 1000 అవకాశాల్లో 466 సార్లు హిట్ కొట్టిన లెక్క.

1947 జనవరి 20న, 35 ఏళ్లకే కన్నుమూశాడు. మూడు నెలలైనా తిరక్కముందే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టి ఆ గోడ బద్దలు కొట్టాడు.

ఆలస్యంగా అందిన గౌరవం
1972లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. సమాధికి మాత్రం 1975 దాకా పేరు రాసిన రాయి కూడా లేదు. 2024 మేలో మేజర్ లీగ్ నీగ్రో లీగ్‌ల అంకెలను తన రికార్డుల్లో కలిపింది. దాంతో గిబ్సన్ .372 సగటుతో టై కాబ్ (.367)ను దాటి మొదటి స్థానానికి వచ్చాడు.

హోమ్ రన్‌ల సంగతి వేరు. హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం మీద దాదాపు 800 అని ఉంది. అవి ఊరూరా ఆడిన ఎగ్జిబిషన్ మ్యాచ్‌లతో కలిపిన లెక్క. లీగ్ మ్యాచ్‌లే చూస్తే అధికారిక సంఖ్య 200 లోపే. రాసి పెట్టేవాళ్లు లేని చోట మనిషి కష్టం ఖాతాలో పడదు. మన పిల్లలు ఆడే ప్రతి టోర్నీలోనూ స్కోర్ బుక్ రాసి దాచమని చెప్పేది అందుకే.