నోరు తెరుచుకుని నిద్రపోయినవాడు

చిల్లకల్లులో వేసవి రాత్రులు ఆరుబయట నులకమంచాల మీద గడిచేవి. నిద్రలో నా నోరు తెరుచుకుని ఉండేదట. మా అమ్మమ్మ లేచి వచ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టి, పెదవులు కలిపి వెళ్ళేది. కాసేపటికి అవి మళ్ళీ విడిపోయేవి. పగలూ అదే తంతు. బళ్ళో ఒక పంతులుగారు నన్ను మొద్దబ్బాయి అనే పిలిచేవారు. వెనకవరుసలో నాకు పాఠం సగమే వినపడుతోందన్న సంగతి ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు లెండి.

పెదవులు కలిపే పని మా అమ్మమ్మ ఒక్కతే చెయ్యలేదని చాలాకాలం తరవాత తెలిసింది. అమెరికా చిత్రకారుడు జార్జ్ కాట్లిన్ అక్కడి ఆదివాసుల మధ్య తిరిగి, నిద్రపోయే పసివాళ్ళ పెదవులను తల్లులు కలిపి ఉంచడం చూశాడు. నోటితో గాలి పీల్చడమే సకల రోగాలకూ మూలమని 1860లలో ఒక పుస్తకం రాశాడు. అందులో అతిశయోక్తి పాలు ఎక్కువే. అతని దృష్టిలో అదొక చెడ్డ అలవాటు, మానిపిస్తే సరిపోతుంది.

అసలు ప్రశ్న వేసినవాడు కోపెన్‌హేగెన్ వైద్యుడు విల్హెల్మ్ మేయర్. ముక్కు పలకక, చెవి సరిగా వినపడక, నోటితో ఊపిరి తీసే రోగుల అంగిలి వెనక వేలు పెట్టి తడిమి చూశాడు. మెత్తటి కండ పెరిగి ముక్కుదారిని మూసేస్తోంది. 1868లో ఆ సంగతి ప్రకటించాడు. మనం ఎడినాయిడ్లు అంటున్నది వాటినే. ముక్కు వెనక నుంచి చెవికి పోయే సన్నని గొట్టానికి అవి అడ్డుపడితే వినికిడి తగ్గుతుంది. అంటే నోరు తెరిచిన పిల్లవాడు మొద్దు కాకపోవచ్చు, అతనికి మాట చేరడం లేదేమో! ఇది చదివిన రోజు నాకు పంతులుగారి మీద కోపం రాలేదు గానీ, చాలాసేపు పుస్తకం పేజీ తిప్పలేకపోయాను.

నా పై వరస ముందుపళ్ళ చిగుళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉబ్బి ఉండేవి. నిద్రలో లాలాజలం ఎలాగూ తగ్గుతుంది, గాలి తగిలితే ఉన్న తడీ ఆరిపోతుంది. పళ్ళ మీది ఆమ్లాన్ని విరిచేదీ, అరిగిన ఖనిజాన్ని తిరిగి అందించేదీ ఆ లాలాజలమే. ముక్కు గాలిని వెచ్చబరిచి, తడిపి, దుమ్ము ఆపుతుంది. మా సున్నపురాతి నేల దుమ్ము తెలిసినవారికి ఈ చివరిమాట విప్పి చెప్పనక్కరలేదు. ముక్కు చుట్టూ ఉన్న గాలిగదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుందనీ, ఊపిరితో లోపలికి పోయి రక్తం ప్రాణవాయువును అందుకోవడానికి సాయపడుతుందనీ 1990లలో స్వీడన్ పరిశోధకులు కనుగొన్నారు. హార్వోల్డ్ అనే ఆయన కోతిపిల్లల ముక్కులు మూసి చూస్తే దవడల రూపమే మారింది. మనుషుల్లో ముఖం తీరుకు వంశం ఎంత కారణం, ఊపిరి ఎంత కారణం అన్నది ఇప్పటికీ తేలని తగవే.

ఈ మధ్య నిద్రలో నోటికి పట్టీ అంటించుకునే వెర్రి ఒకటి బయలుదేరింది. కాట్లిన్ మళ్ళీ పుట్టాడన్నమాట. ముక్కు పూడుకున్నవాడికి నోరు కూడా మూస్తే అతను ఎటు ఊపిరి తీయాలి?

మాకు దగ్గరలోనే జగ్గయ్యపేట ధనంబోడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడి స్తూపానికి ఆయక స్తంభాలు ఇచ్చాడని శాసనం. అందులో ఊపిరి ప్రసక్తి లేదు. అయితే 5వ శతాబ్దిలో సింహళంలో విశుద్ధిమగ్గం రాసిన బుద్ధఘోషుడు తెలుగుదేశపువాడేనని ధర్మానంద కోశాంబి వాదించారు. శ్వాసను ఎక్కడ గమనించాలో చెబుతూ ఆయన, పొడుగు ముక్కువాడికి అది ముక్కుకొన మీద తగులుతుందనీ, పొట్టి ముక్కువాడికి పైపెదవి మీద తగులుతుందనీ రాశాడు. మనిషినిబట్టి ముక్కు అని ఒప్పుకున్నవాడు, కాట్లిన్ కన్నా నయం.

శస్త్రచికిత్స ఈడు దాటిపోయాక, కిందటి శీతకాలం ఆ బోడు ఎక్కి కూర్చుని ప్రయత్నించాను. కుడివైపు మూసుకునే ఉంది. ఎడమ రంధ్రం నుంచి మాత్రం, పైపెదవి మీదికి, సన్నగా చల్లగా తగిలింది.