ఏ టేపులో ఏముంది?

మన రికార్డు రూములో ముగిసిన ప్రతి ఫైలు మీదా ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని ఏదో ఒకటి రాసి రిజిస్టరులో ఎక్కించేవాళ్ళం. ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో ఆ గుర్తే చెప్పేది. ఈ పనిని చిన్నచూపు చూసేవారు ఒక సంగతి వినాలి.

1969 జూలైలో అపోలో 11 చంద్రునిపై దిగినప్పుడు, అక్కడినుంచి వచ్చిన చిత్రాలను ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా కేంద్రాలలో ముందుజాగ్రత్తగా టేపులపై ఎక్కించారు. ప్రపంచం టీవీలో చూసినది మార్పిడిలో మసకబారిన బొమ్మ. స్పష్టమైన అసలు బొమ్మ ఈ టేపులలోనే ఉంది. కాని లెక్కల్లో అవి అంతరిక్ష నౌక సమాచార టేపులుగానే నడిచాయి. 1970, 80 దశకాలలో నాసాకు టేపుల కరువొచ్చింది. పాతవాటిని వేలాదిగా తెప్పించి, చెరిపి, ఉపగ్రహాల పనికి మళ్ళీ వాడారు. ఏళ్ళ తరబడి గాలించాక, ఆ చిత్రాల టేపులూ అలాగే పోయి ఉంటాయని 2009లో నాసా తేల్చింది. టీవీ సంస్థల దగ్గర మిగిలిన ప్రతులనే బాగుచేయించుకోవలసి వచ్చింది.

నేడు ఆఫీసులలో బ్యాకప్ తీస్తున్న తమ్ముళ్ళకు మనవి: ఏ తేదీ సమాచారం ఏ టేపులో ఉందో, ఎప్పటిదాకా ఉంచాలో రిజిస్టరులో రాయండి. చెరిపే ముందు ఆ పేజీ ఒకసారి తిరగేయండి.